తవుడుకు ఇచ్చిన బిడ్డ

మా టైపు టీచరమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున పులివెందులలో నేను ఆఫీసుకు బయలుదేరి గడప దాటుతుండగా మా తమ్ముడు ఎదురొచ్చాడు. ప్రొద్దుటూరు నుంచి మొదటి బస్సుకే వచ్చినట్టున్నాడు, మొహం కూడా కడుక్కోలేదు. "అక్కా, టీచరమ్మ పొయ్యింది. అమ్మ నిన్ను తోడుకొని రమ్మనింది" అన్నాడు. ఆమెకు కామెర్లని, తగ్గడం లేదని తెలుసు. అయినా చేతిసంచి దించి గడప మీదే కూర్చున్నాను. "ఎవరెవరికి కబురు చేశారు?" అని అడిగాను. ఎవరు పోయినా మనం మొదట అడిగే మాట అదే కదా. వాడు బిక్కమొహం వేశాడు. "ఎవురికి చెయ్యాల్నో తెలీకనే అమ్మ నిన్ను పిల్చుకరమ్మనింది" అన్నాడు.

ఆమెను ప్రొద్దుటూరులో ఎరగనివాళ్లు తక్కువ. మా ఇంటి ముందు గదిలో టైపు ఇన్‌స్టిట్యూటు నడిపింది. ఇవాళ కోర్టుల్లో, పత్తి మిల్లుల్లో, తాలూకా ఆఫీసుల్లో మిషను ముందు కూర్చుని జీతం తెచ్చుకుంటున్న పిల్లలు చాలామంది ఆమె చేతికింద నేర్చుకున్నవాళ్లే. నేనూ అందులో ఒకదాన్ని. కానీ ఆమె ఎవరు అని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కొక్క కథ చెబుతారు. దొరసాని కూతురంటారు, మద్రాసు మనిషంటారు, మలయాళీ నర్సు అంటారు. నాకు తెలిసింది నేను చెబుతాను. అంతా చెప్పినా చివరికి ఆమె ఎవరో నేను చెప్పలేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను నిలదీయొద్దు.

కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజుల్లో ఆమె వచ్చింది. నేను లంగా ఓణీ కొత్తగా వేసుకుంటున్న వయసు. ఎర్రగుంట్ల స్టేషను నుంచి వచ్చిన జట్కా మా వీధిలో ఆగింది. అందులోంచి దిగిన మనిషి ఒంటి మీద గౌను, కాళ్లకు బూట్లు, చేతిలో గొడుగు. మనిషి మాత్రం మాలాగే చామనఛాయ, మాలాంటి ముక్కు, మాలాంటి జుట్టు. గడప మీద కూర్చుని మగ్గానికి కండెలు చుడుతున్న మా అమ్మ రాట్నం ఆపేసింది. "ఏందిమే ఇది! మన పిల్ల మాదిర్నే ఉండాది, గుడ్డలు చూస్తే దొరసానివి!" అని వీధి అంతా వినబడేలా అంది. ఆమె మా అమ్మకు చేతులు జోడించి, బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు, "నమస్కారమండి. గది ఉందా అండి?" అని అడిగింది.

తర్వాత తెలిసిన సంగతి ఇది. జమ్మలమడుగు మిషను ఆస్పత్రిలో పనిచేసిన ఒక ఇంగ్లీషు దొరసాని, పెళ్లి పెటాకులు లేనిది, ఒక పసిబిడ్డను తెచ్చి పెంచుకుంది. సెలవు మీద ఇంగ్లండు సీమకు పోతూ బిడ్డను కూడా తీసుకుపోయింది, తిరిగి రాలేదు. బిడ్డను అక్కడే చదివించింది, టైపు నేర్పించింది. ఆ దొరసాని చనిపోయాక ఈమె ఓడెక్కి వచ్చింది. చూసి పోదామనే వచ్చిందట. జమ్మలమడుగులో ఆస్పత్రివాళ్లు మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు, కేకు పెట్టారు, ఇంగ్లీషులోనే మాట్లాడారు. "నేను కుర్చీలో కూర్చోవడానికి ఇంత దూరం రాలేదు" అని ఆమె ప్రొద్దుటూరుకు వచ్చేసింది. ఏదో ఒక వీధిలో, అందరి మధ్య ఉండాలని ఆమె కోరిక.

గది ఇవ్వడానికి మా అమ్మకు ఇబ్బంది లేదు. కాని అడగాల్సింది అడగాలి కదా. "ఏం కులమమ్మా?" అంది. "తెలీదండి." మా అమ్మ తన జన్మలో అలాంటి జవాబు విని ఉండదు. కులం దాచిపెట్టేవాళ్లను చూసింది, గొప్ప చేసుకునేవాళ్లను చూసింది. తెలియదనే మనిషిని ఎక్కడ పెట్టాలో ఆమెకు అర్థం కాలేదు. "తెలీకపోవడమేంది తల్లీ, ఎవురికో ఒకరికి పుట్టింటావు కదా" అంది. ఆమె తల వంచుకుంది. చివరికి మా అమ్మ ఒక ఏర్పాటు చేసింది. ముందు గదిలో ఉండొచ్చు, బావిలో నీళ్లు మేము చేది పోస్తాము, వంటింట్లోకి మాత్రం రాకూడదు. "తెలిసిందాకా" అంది. నాకు సిగ్గేసింది, కాని అప్పుడు మా అమ్మకు ఎదురు చెప్పే ధైర్యం మా నాయనకే లేదు. ఆ 'తెలిసిందాకా' ఎప్పుడు ముగిసిందో మా అమ్మకే గుర్తులేదు. ఒకరోజు చూస్తే టీచరమ్మ మా పొయ్యి ముందు గొంతుక్కూర్చుని సంగటి కెలుకుతూ ఉంది, మా అమ్మ పక్కన నిలబడి "అట్ల కాదుమే, ఉండలు కడతాది" అని తిడుతూ ఉంది.

ఆమె తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు. అందరినీ మీరు అనేది. మా తమ్ముడు అప్పటికి చెడ్డీ కూడా సరిగా నిలవని వయసు, వాణ్ని కూడా "మీరు అన్నం తిన్నారా అండి" అని అడిగేది. ఒకరోజు మా బర్రె వాకిలికి అడ్డంగా నిలబడితే, గొడుగు పట్టుకుని దాని ముందు నిలబడి, "దయచేసి మీరు పక్కకు జరగండి" అంటోంది. వీధి వీధంతా పడిపడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది, కాని ఎందుకు నవ్వుతున్నామో తెలియక నవ్వింది. కొన్నేళ్లకు ఆమె మాట పూర్తిగా మా మాటే అయింది. "యాడికి పోతాండావు పాపా" అని నన్నే అడిగేది. బర్రెను మాత్రం చివరిదాకా మీరు అనే అంది. అదేంటని అడిగితే, "మొదటి పరిచయం అలా అయింది, ఇప్పుడు మార్చితే బాగుండదు" అనేది.

టైపు నేర్పేటప్పుడు ఆమె పద్ధతి ఒకటుండేది. మన చేతుల మీద ఒక తువ్వాలు కప్పేది, అక్షరాలు కనబడకుండా. "కళ్లు మూసుకోమని చెప్పను, మీరు దొంగచూపులు చూస్తారు. వేళ్లకు దారి తెలిసేదాకా ఇదే" అనేది. నాకేమో ఓపిక తక్కువ. తప్పు పడితే మిషను మీద గుద్దేదాన్ని. ఆమె ఎప్పుడూ కసురుకోలేదు. కాగితం తీసి వెలుతురుకు పట్టి చూసి, "ఇవాళ నీ అక్షరాలన్నీ కోపంగా ఉన్నాయి, రేపు రా" అని పంపేసేది. రేపు పోయేదాన్ని. ఆ తువ్వాలు కింద నేర్చుకున్న పని ఇవాళ నాకు అన్నం పెడుతోంది. పెళ్లయి పులివెందులకు వచ్చాక కూడా ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతుకుతున్నానంటే అది ఆమె చలవే.

ఆమె పాలు పోయని టీ తాగేది. కషాయం తాగినట్టు అదేంటమ్మా అని అందరం ఎగతాళి చేసేవాళ్లం. ఆదివారం చర్చికి పోయేది, ఆఖరి బల్ల చివర కూర్చునేది. అక్కడి ఆడవాళ్లు ఆమెను దొరసాని కూతురని ముందుకు రమ్మనేవాళ్లు, ఈమె పోయేది కాదు. ఒకసారి నేను, "అక్కడే బాగుంటుంది కదా టీచరమ్మా, ఇక్కడి ఎండలో, ఈ దుమ్ములో ఎందుకు పడి ఉన్నావు?" అని అడిగాను. ఆమె చెప్పిన మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "అక్కడ బడిలో ఇండియా పాఠం వస్తే నన్ను లేపి నిలబెట్టి చెప్పమనేవాళ్లు. నాకేం తెలుసు? బిత్తరపోయి నిలబడేదాన్ని. ఇక్కడ అందరూ నన్ను రాణి గురించి అడుగుతారు. అది నాకు తెలుసు. కాని అది చెప్పిన ప్రతిసారీ నేను ఇక్కడి మనిషిని కాకుండా పోతున్నాను."

మా అక్క కాన్పుకు వచ్చినప్పుడు జరిగింది ఇంకొకటి. పసివాడు గుక్కపట్టి ఏడుస్తుంటే టీచరమ్మ ఎత్తుకుని జోకొట్టింది. ఆమె నోటి నుంచి వచ్చిన జోలపాట ఇంగ్లీషుది. అదొక్కటే ఆమెకు వచ్చు. వాడు నిద్రపోయాడు. మా అమ్మ చాటుకు పోయి కళ్లు తుడుచుకుంది. ఎందుకమ్మా అంటే, "దానికి ఎవురూ పాడలేదుమే, మన పాట ఒక్కటి గూడ దాని చెవులో పడలేదు" అంది. నేను ఊరుకోలేదు. "పాడింది కదా అమ్మా దొరసాని, పాడకుంటే ఇది ఎట్లొచ్చింది?" అన్నాను. మా అమ్మ నా వైపు విసుగ్గా చూసింది. ఇద్దరిలో ఎవరి మాట సరైందో నేను ఇంకా తేల్చుకోలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. హైదరాబాదు రాజధాని అయిన తర్వాత, ఒక మధ్యాహ్నం మా అమ్మ బర్రెకు కుడితి కలుపుతోంది. చేతులు తడిగా ఉన్నాయని, "ఆ డబ్బాలో తవుడు రెండు పిడికిళ్లు ఇట్ల వెయ్యి తల్లీ" అని టీచరమ్మతో అంది. టీచరమ్మ కదలలేదు. "నేను తవుడు ముట్టుకోను" అంది. ఆమె గొంతు అంత కటువుగా వినడం అదే మొదలు.

"ఏం, తవుడు కరుస్తాదా?" అంది మా అమ్మ.

టీచరమ్మ మొహం నల్లబడింది. గోడకు ఆనుకుని చెప్పింది. దొరసాని ఆమెకు ఏదీ దాచలేదట. నువ్వు నా కడుపున పుట్టలేదు, నిన్ను కన్న తల్లి ఒక పిడికెడు తవుడు తీసుకుని నిన్ను నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది, పాపం బీదది, కోపం పెట్టుకోకు అని జాలిగానే చెప్పిందట. ఈమె ఆ తవుడు అనే మాటకు అర్థం వెతుక్కుంది. ఆ దేశంలో అది పందులకు పెట్టే మేత. "వాళ్ల బడిలో పిల్లలు ఏ మాట అన్నా నాకు బాధ లేదు. పందుల మేతకు అమ్మేసిన దాన్ని, అంతకంటే ఎవరేమంటారు? ఈ ఊరికి ఎందుకు వచ్చానో తెలుసా? ఆమె ఎదురుపడితే అడగాలని వచ్చాను. పిడికెడేనా అమ్మా, ఇంకొంచెం అడగలేకపోయావా అని."

మా అమ్మ కుడితి చేతులతోనే నిలబడిపోయింది. తర్వాత ఏమి చేసిందో మీరు ఊహించలేరు. నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆ మనిషి కడుపు చించుకుని చూపిస్తుంటే ఈమెకు నవ్వెట్లా వస్తుందని అరవబోయాను. ఇంతలో ఆ నవ్వు ఏడుపైంది.

"ఓసి నా తిక్క తల్లీ! ఇన్నేండ్లు కడుపులో ఇది పెట్టుకోని తిరుగుతాండావా? అది అమ్మడం కాదే! ముందు పుట్టినోళ్లు దక్కకపోతే అట్ల చేస్తాము. బిడ్డను చెత్త తిప్పలో పొర్లిచ్చి, ముక్కు కుట్టిచ్చి, ఎవురో ఒకామె చేతిలో పెట్టి, ఆమె దగ్గర పిడికెడు తవుడు తీసుకుంటాము. ఇది నా బిడ్డ కాదప్పా, తవుడుకు ఇచ్చేసినా, దీనికి ఇలువ లేదు, దీని జోలికి రాకు అని మృత్యువు కండ్లు గప్పేదానికి. సందేళకు మళ్లా ఆ తవుడు ఆమె చేతిలో పోసి బిడ్డను ఎత్తుకొచ్చుకుంటాము. నా తమ్మునికి గూడ అట్లనే చేసినారు."

"మళ్లీ చెప్పండి" అంది టీచరమ్మ.

మా అమ్మ మళ్లీ చెప్పింది.

"వెనక్కి తీసుకుంటారా?"

"తీసుకోకపోతే? బిడ్డను ఎవురన్నా తవుడుకు ఇడుస్తారా? దానికి తెలీలేదు తల్లీ ఆ దొరసానికి. నిజంగానే ఇచ్చేసిందనుకోని ఎత్తుకోని పొయ్యింది."

నేను అనుకున్నాను, ఇప్పుడు టీచరమ్మ సంతోషిస్తుందని. కన్నతల్లి అమ్ముకోలేదు, బతకాలని అలా చేసింది, ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది? ఆమె సంతోషించలేదు. బర్రె దగ్గర నేల మీద కూలబడింది. "ఇప్పుడు నేను ఎవరి మీద కోపం పెట్టుకోవాలి?" అంది. "ఆమె మీద పెట్టుకునే కదా ఇంతదాకా బతికాను. నన్ను పెంచిన మా అమ్మ మీద పెట్టుకోనా? రాత్రంతా మేలుకుని నా జ్వరం చూసింది ఆమె." నాకైతే దొరసాని మీదే కోపం వచ్చింది. అన్నేళ్లు ఇక్కడి ఆడవాళ్లకు పురుళ్లు పోసిన మనిషికి ఈ ఆచారం తెలియదా అని అడిగేశాను. "తెలుసో తెలీదో నాకు తెలీదు. అడగడానికి ఆమె లేదు. నువ్వు ఇంకెప్పుడూ నన్ను ఆ మాట అడగొద్దు" అంది. అడగలేదు.

మా వీధి చివర దర్జీ మామ ఉండేవాడు. పిల్లల చొక్కాలు, లంగాలు కుట్టి సంతలకు తీసుకుపోయి అమ్ముకునే ముసల్మాను పెద్దమనిషి. ఆయనే టీచరమ్మకు మొదటి రవికె కుట్టింది. సంగతి విని, "అరె బేటీ, నువ్వు ఊరుకో. సంతలో ఆడోళ్లకు తెలీని మాట ఉంటాదా? నేను అడుగుతా" అన్నాడు. జమ్మలమడుగు సంతలో అడిగాడు, ముద్దనూరులో అడిగాడు, చొక్కాలు బేరమాడుతూ బేరమాడుతూ అడిగాడు. మరుసటి ఏడు కొండాపురం అవతల పల్లె నుంచి ఒక అవ్వను బస్సెక్కించి తీసుకొచ్చాడు.

అవ్వ లోపలికి రాలేదు. అరుగు మెట్టు మీద కూర్చుంది. ఆమెకు ముగ్గురు పిల్లలు పోయాక పుట్టిన నాలుగోది, దానికీ రోగం తగులుకుంటే జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకుపోయిందట. దొరసాని హస్తవాసి మంచిదని, ఆమె చేతిలోనే పెట్టి, ఆమె వంటమనిషిని అడిగి తవుడు ఇప్పించుకుందట. బిడ్డ నయమయ్యేదాకా ఉంచి పొమ్మన్నారట. జొన్న కోతలకు పోయి తిరిగి వచ్చేసరికి దొరసాని ఓడెక్కింది. "నేను తవుడు కొంగున కట్టుకోనే పోయినా నాయనా. ఆడ ఎవురూ లేరు" అంది. టీచరమ్మ ఆమె ఎదురుగా కిందనే కూర్చుంది. అడగాలని దేశాలు దాటి తెచ్చుకున్న ప్రశ్న ఇక అడగడానికి లేదు.

"ముక్కు ఏ పక్క కుట్టిచ్చినావవ్వా?" అని మా అమ్మ అడిగింది.

"కుడి పక్క."

టీచరమ్మ ముక్కుకు పూడిపోయిన చుక్క ఎడమ పక్కన ఉంది. అందరం చూశాం. మా అమ్మ వెంటనే, "ఎదురుగా నిలబడి చూసేతలికి కుడి ఎడమ అయ్యింటాదిలే" అంది. దర్జీ మామ తలూపాడు. అవ్వ మాత్రం తలూపలేదు. "బిడ్డ ఇంతుండె" అని మోచెయ్యంత చూపించింది. "ఇప్పుడీమె ఇంతుండాది. నేను ఏమని చెప్పేది? కాదని చెప్తే నా నోరు పడిపోదా? అవునని చెప్పి, ఇంకొక తల్లి బిడ్డను తీసుకుంటే?" ఆ దొరసాని చేతికి తవుడుకు ఇచ్చిన తల్లులు ఇంకా ఉన్నారని ఆమే చెప్పింది. ఆ ఏళ్లలో హస్తవాసి కోసం చాలామంది అట్లా చేశారట. మిగతావాళ్లు మళ్లీ తీసుకున్నారో లేదో ఆమెకు తెలియదు. ఎంత నిజాయితీ మనిషో చూడండి. అబద్ధం చెప్పి ఉంటే అందరం నమ్మేవాళ్లం. ఆ రోజు నాకు ఆమె నిజాయితీ మీద చచ్చేంత విసుగొచ్చింది.

తేలకపోయినా రాకపోకలు మాత్రం మొదలయ్యాయి. అవ్వ వచ్చేటప్పుడు కొంగున శెనక్కాయలు కట్టుకొచ్చేది. టీచరమ్మ సెలవుల్లో ఆ పల్లెకు పోయి, చెత్త తొక్కి బూట్లు పాడుచేసుకుని వచ్చేది. ఈమె ఆమెను "అవ్వా, మీరు" అనేది. ఆమె ఈమెను "టీచరమ్మా" అనేది. అమ్మ అనే మాట గాని, బిడ్డ అనే మాట గాని ఇద్దరి నోటా నేను వినలేదు. అవ్వ ఈమె తల దువ్వేది, అంతే. దువ్వేటప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదు కదా.

నా పెళ్లికి ముందు ఏడాది అవ్వ ఒక మూట తెచ్చింది. విప్పితే తవుడు. "నేను ఎక్కువ దినాలు ఉండను. తీసుకుందామని వచ్చినా" అంది. తవుడు ఎవరి చేతిలో పోయాలి? దొరసాని లేదు. "నా చేతిలో పొయ్యవ్వా, ఆమె బదులు నేను తీసుకుంటా" అని మా అమ్మ ముందుకొచ్చి దోసిలి పట్టింది. ఇంతకాలానికి ఒక కొలిక్కి వచ్చిందనుకున్నాను. టీచరమ్మ లేచి నిలబడింది. "వద్దు" అంది.

"ఎందుకమ్మా?" అన్నాను, గట్టిగానే.

"అది తిరిగి ఇచ్చేస్తే నన్ను పెంచిన మా అమ్మ ఊరికే కాసేపు ఎత్తుకున్న మనిషి అవుతుంది. జోల పాడింది ఆమె. నేను ఆమెకు అట్ల చెయ్యలేను." లోపలికి పోయి తలుపు వేసుకుంది. కాసేపటికి తలుపు తీసి, "మీరు మాత్రం పోవద్దు అవ్వా" అని మళ్లీ వేసుకుంది. నాకు పిచ్చెక్కినట్టయింది. ఆమె కావాలంటోందా, వద్దంటోందా? అవ్వ ఆ తవుడు బర్రెకు పెట్టేయమని మా అమ్మకు ఇచ్చి, బస్సు వేళయిందని లేచింది. మరుసటి నెల మళ్లీ శెనక్కాయలతో వచ్చింది. తర్వాత ఒకసారి టీచరమ్మ నాతో, "కొన్ని రోజులు ఇద్దరు తల్లులున్నారనిపిస్తుంది, కొన్ని రోజులు ఒక్కరూ లేరనిపిస్తుంది. పొద్దున లేచేటప్పుడు ఏ రోజు ఏదవుతుందో తెలీదు" అంది. ఈ మాట చెప్పి టీ చల్లారిపోతోందని తాగేసింది.

మంగళవారం నేను చేరేసరికి మా అమ్మ ఆమెకు స్నానం చేయించి పసుపు రాసింది. పాస్టరుగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. దర్జీ మామ కొండాపురం పోయి అవ్వను తీసుకొచ్చాడు. టైపు నేర్చుకున్న పిల్లలు మోశారు. పెన్న ఒడ్డున క్రైస్తవుల శ్మశానంలో ప్రార్థన చేసి మన్ను వేశారు. అవ్వ కూడా వచ్చింది. ఏడవలేదు. అందరూ వేసిన తర్వాత వేసింది.

మైల ఉన్నవాళ్లు ఏటి దగ్గరే తల మీద నీళ్లు పోసుకుని తడిగుడ్డలతో పోవాలి, లేనివాళ్లు ఇంటికి పోయి చేసుకుంటారు. "మనకు మైల లేదు, ఇంటికి పోదాం పా" అని మా అమ్మ నన్ను పిలిచింది. అందరూ అట్లాగే కదిలారు. ఏటి వైపు పోవాల్సినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు ఏడుపు అప్పుడొచ్చింది. ఊరికి ఇంత చేసిన మనిషికి మైలపడేవాళ్లు ఒక్కరు లేకపోయారే అనిపించింది. కళ్లు తుడుచుకుని చూస్తే అవ్వ కనబడలేదు. ఇసుకలోకి దిగి ఉంది. నీళ్లు లేని ఏరు. ఒంగి రెండు చేతులతో ఇసుక తోడుతోంది. చెలమలో నీళ్లు ఊరేదాకా కూర్చుని, దోసిలితో తల మీద పోసుకుంది. కొంచెం ఊరడం, పోసుకోవడం, మళ్లీ ఊరేదాకా ఆగడం. చీరంతా తడిసేదాకా అదే చేసింది. నేను పోయి పొడి చీర ఇస్తే వద్దంది.

బస్టాండుకు నేనే తోడు వెళ్లాను. కొండాపురం బస్సులో సీటు తడుస్తుందని ఆమె కూర్చోలేదు, కమ్మీ పట్టుకుని నిలబడింది. టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు ఆమె కొంగు నుంచి కారుతున్న నీళ్లు చూసి గొంతు తగ్గించాడు.

"ఎవురు పోయినారవ్వా?"

"తెలీదు నాయనా" అంది. "నీళ్లు పోసుకున్యా."

బస్సు కదిలింది. కిటికీలోంచి ఆమె నాకు కనబడినంతసేపు నిలబడే ఉంది.